జూన్ 3 మన సైకిల్ రోజు కాదు

ఐక్యరాజ్యసమితి 2018 ఏప్రిల్ 12న చేసిన తీర్మానంతో జూన్ 3 ప్రపంచ సైకిల్ దినమైంది. అప్పటి నుంచి మన జిల్లా కేంద్రాల్లోనూ ఆ రోజున జెండా ఊపడం, టీషర్టులు పంచడం, ర్యాలీ తీయడం అలవాటైంది. నాగర్‌కర్నూల్ జిల్లా కోడేరు లాంటి మండల కేంద్రంలో నిలబడి చూస్తే ఆ తేదీ మనకు ఎంత పొసగనిదో తెలుస్తుంది. జూన్ 3 అంటే రోహిణి కార్తె. రోళ్లు పగులుతాయని పెద్దలు చెప్పే ఎండలు. బళ్లకు వేసవి సెలవులు, తెలంగాణలో మళ్లీ గంట మోగేది జూన్ 12 నాటికి. సైకిల్ ఎవరికి అందరికంటే ఎక్కువ అవసరమో ఆ పిల్లలు ఆ రోజు బళ్లో ఉండరు. పొద్దున ఎనిమిది దాటితే పెద్దవాళ్లకే తల తిరిగే రోజుల్లో ఎవరి కోసం ఈ ర్యాలీ?

తేదీ పెట్టినవాళ్లను తప్పు పట్టాల్సిన పనిలేదు. చలి దేశాల్లో అప్పటికి మంచు కరిగి, చెట్లు చిగిర్చి, జనం బయటికి వచ్చే కాలం. అమెరికాలో 1956 నుంచి మే నెలను సైకిల్ నెలగా జరుపుకుంటున్నారు. ఆ వసంతాన్ని తెచ్చి మన మే, జూన్ నెలల మీద అతికించుకోవడమే మనం చేసిన పొరపాటు.

కవిత్వంలో వసంతం చైత్రంలో వస్తుంది. పాలమూరు (ఉమ్మడి మహబూబ్‌నగర్) రోడ్డు మీద మాత్రం మాఘంలోనే అడుగుపెట్టి, ఫాల్గుణం ముగిసేలోపే వెళ్లిపోతుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, దానికి ముందు మూడు నాలుగు వారాలు, తర్వాత రెండు వారాలు ఇక్కడ సైకిల్ తొక్కడానికి అసలైన రోజులు. పొద్దున చల్లగా ఉంటుంది, తొమ్మిదింటి దాకా ఎండ చురుక్కుమనదు. మోదుగ చెట్లు ఆకు రాల్చి పూతకు వచ్చేదీ అప్పుడే. ఉగాది దగ్గర పడేసరికి మధ్యాహ్నం ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది డిగ్రీలు మామూలైపోతాయి.

వాతావరణం ఒక్కటే కారణం కాదు. మన పల్లె రోడ్లకు ఇంకో పంచాంగం ఉంది. వానాకాలం కోతలు అయ్యాక నవంబరు, డిసెంబరుల్లో, యాసంగి కోతలయ్యాక ఏప్రిల్, మే నెలల్లో సగం రోడ్డు కల్లమైపోతుంది. వడ్లు, మక్కలు తారు మీద ఆరబోసి, అంచుకు వరసగా రాళ్లు పేర్చి, రాత్రికి నల్లటి కవరు కప్పుతారు. మిగిలిన సగంలో బస్సు, ట్రాక్టర్, ఆటో అన్నీ దూరాలి. ఎదురుగా లారీ వస్తే సైకిల్ మీదున్న పిల్ల దిగడానికి ఒకే చోటు ఉంటుంది, అది ఆ రాళ్ల మీద. కల్లాలు లేక రైతు రోడ్డెక్కుతున్నాడు, అది వేరే సంపాదకీయానికి సరిపడే సంగతి. ఇక్కడ చెప్పేదల్లా ఒకటే: మాఘంలో రోడ్డు చాలావరకు ఖాళీగా ఉంటుంది. పదో తరగతి పరీక్షలకు ఇంకా వ్యవధి ఉంటుంది.

నగరాల్లో సైకిల్ ఎటు పోతోందో కూడా చూడాలి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వెంట 2023 అక్టోబరు 1న 23 కిలోమీటర్ల సైకిల్ దారి ప్రారంభమైంది. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు ఎనిమిదిన్నర, నార్సింగి నుంచి కొల్లూరు వైపు పద్నాలుగున్నర కిలోమీటర్లు. నెత్తిన సౌర ఫలకాల కప్పు, వాటి సామర్థ్యం 16 మెగావాట్లు. దక్షిణ కొరియాలో హైవే మధ్యన వేసిన దారిని చూసి తెచ్చుకున్న ఆలోచన ఇది. కొరియా మాట ఎలా ఉన్నా, మన ఎండకు ఆ కప్పు సరైన జవాబు, మెచ్చుకోవాల్సిందే. చిక్కల్లా వాడకంలో ఉంది. ఆదివారం పొద్దున చాలామంది సైకిల్‌ను కారు వెనక కట్టుకుని ఆ దారి దాకా వస్తారు, తొక్కాక మళ్లీ కారెక్కి ఇంటికి పోతారు. ఆఫీసుకో, బజారుకో, బడికో తీసుకెళ్లే దారి అది కాలేదు. వ్యాయామశాలను ఆరుబయట పెట్టినట్టయింది.

నగరంలో సైకిల్ క్లబ్బులు లేకపోలేదు. 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో పూర్తి చేసే దూరయాత్రలకు జట్లు కట్టి వెళ్లేవాళ్లు హైదరాబాద్‌లో వందలమంది ఉన్నారు. 2024 డిసెంబరులో కేంద్ర క్రీడాశాఖ మొదలుపెట్టిన ‘సండేస్ ఆన్ సైకిల్’లో అధికారులు, పోలీసులు, క్రీడాకారులు ఆదివారాల్లో తొక్కుతున్నారు. వరంగల్ చేసింది ఇంతకంటే గట్టి పని. 2020లో కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ సైకిల్ నగరాల పోటీ పెడితే 107 నగరాలు పాల్గొన్నాయి, గెలిచిన పదకొండింటిలో తెలుగు నేల నుంచి వరంగల్ ఒక్కటే ఉంది. తలా కోటి రూపాయలు బహుమతి. కానీ ఇవన్నీ నగరాల లెక్కలు. కార్పొరేషన్ ఉన్నచోట పోటీ ఉంటుంది, క్లబ్ ఉన్నచోట కార్యక్రమం ఉంటుంది. కోడేరుకు రెండూ లేవు.

అలాగని పల్లెకు సైకిల్ పండుగ కొత్త కాదు. నలభై, యాభై ఏళ్లు దాటినవాళ్లను అడగండి, ఏడు రోజుల సైకిల్ గుర్తుంటుంది. ఎక్కడి నుంచో ఒక మనిషి వచ్చి, ఊరి నడుమ నాలుగు గుంజలు పాతి, రంగు కాగితాలు కట్టి, సైకిలెక్కేవాడు. రాత్రీ పగలూ కిందికి దిగకుండా తిరిగేవాడు. స్నానం సైకిల్ మీదే, తిండి సైకిల్ మీదే. సాయంత్రానికి మైకులో పాటలు, ట్యూబులైట్లు పగలగొట్టడం, పళ్లతో బరువులెత్తడం. ఆఖరి రోజున ఎవరికి తోచింది వాళ్లు ఇచ్చేవారు, రూపాయో, కుంచెడు బియ్యమో, ఒక తువ్వాలో. అదే మన పల్లెల అసలైన సామూహిక సైకిల్ ఉత్సవం. దానికి స్పాన్సర్లు లేరు, జెండా ఊపే నాయకుడు లేడు. అయితే అందులో తొక్కేవాడు ఒక్కడే, మిగతా ఊరంతా చూసేదే.

తొక్కడం నేర్చుకున్నది మాత్రం కిరాయి దుకాణంలో. గంటకింత అని కిరాయి కట్టి, కాలు అందని పెద్ద సైకిల్‌ను కైంచి తొక్కి, మోకాళ్లు చెక్కుకుని ఒక తరం మగపిల్లలు సైకిల్ నేర్చారు. ఆడపిల్లలకు ఆ గంట దొరకలేదు. అన్న సైకిల్ ఇంట్లో ఉన్నా ముట్టనిచ్చేవాళ్లు కాదు. కిరాయి దుకాణాలు ఒకటొకటిగా మూతబడి, ఇప్పుడు అవే చోట్ల బైకులకు పంచర్లు వేస్తున్నారు. సైకిల్ ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు ఎక్కడ లేస్తున్నాయో చూపించే ఓపిక ఉన్న మెకానిక్ మండలానికి ఒకరో ఇద్దరో మిగిలి ఉంటారు. పల్లెలో సైకిల్ తగ్గిపోవడానికి ఇదీ ఒక కారణం. వెనక చక్రం పంచరైతే బాగుచేసేవాడు లేని వస్తువును ఎవరు కొంటారు?

మన దగ్గర ఇంకో చిక్కు కూడా ఉంది, చెప్పకుండా దాటేస్తే పాఠకులే నవ్వుతారు. 1982లో పుట్టిన తెలుగుదేశం గుర్తు సైకిల్ కావడంతో నలుగురు కలిసి సైకిళ్లు తీస్తే చాలు, ‘ఏ పార్టీ యాత్ర?’ అని అడిగే అలవాటు పడింది. తెలంగాణలో ఆ పార్టీ బలం తగ్గినా ఆ అలవాటు పూర్తిగా పోలేదు. ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు సైకిల్ ర్యాలీ తలపెట్టే అధికారికి ఎన్ని ఫోన్లు వస్తాయో ఊహించుకోవచ్చు. పల్లె సైకిల్ కార్యక్రమాన్ని బడి చేతుల్లో పెట్టాలనడానికి ఇదొక మంచి కారణం.

వసంతంలో సైకిల్ ఏం చేయగలదో చూపించిన ఊరు మనకు దూరమేం కాదు. తమిళనాడులోని పుదుక్కోట జిల్లాలో 1991 నుంచి సాగిన అక్షరాస్యత ఉద్యమం, అరివొళి ఇయక్కం, చదువుతో పాటు ఆడవాళ్లకు సైకిల్ నేర్పింది. అప్పటి కలెక్టర్ షీలా రాణి చుంకత్ దానికి దన్నుగా నిలిచారు. క్వారీ కూలీలు, వ్యవసాయ కూలీలు, నర్సులు, పంతులమ్మలు వేలాదిగా నేర్చుకున్నారు. లేడీస్ సైకిళ్లు దొరక్కపోతే జెంట్స్ సైకిల్‌నే ఎక్కారు. ముందున్న కడ్డీ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని కొందరు దాన్నే ఇష్టపడ్డారు కూడా. 1992 మార్చి 8న పదిహేను వందల మంది మహిళలు హ్యాండిళ్లకు జెండాలు కట్టి, బెల్లులు మోగిస్తూ పుదుక్కోట వీధుల్లోకి వచ్చారు. ఆ సంగతి దేశానికి చెప్పిన పాత్రికేయుడు పాలగుమ్మి సాయినాథ్ మన తెలుగువాడే. ఆయన రాసిన ఆ కథనం ఎన్‌సీఈఆర్‌టీ ఎనిమిదో తరగతి హిందీ వాచకంలో చేరింది. ఆ వాచకం పేరు ‘వసంత్’ కావడం మాత్రం యాదృచ్ఛికమే.

దాదాపు అదే కాలంలో, అలాంటి అక్షరాస్యత ఉద్యమమే నెల్లూరు జిల్లాలో దూబగుంట మహిళల చేత సారా దుకాణాన్ని మూయించింది. అక్కడి నుంచి లేచిన అల రాష్ట్ర ప్రభుత్వాన్నే కదిపింది. నెల్లూరు తల్లులకు సారా ఎలా పీడ అయిందో, పుదుక్కోట తల్లులకు దూరం అలా పీడ. ఎవరి పీడ మీద వాళ్లు తిరగబడ్డారు. పాలమూరులో అక్షరం ఇలా దేనికీ దారి తీయకుండానే ఆగిపోయింది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 23 జిల్లాల్లో అక్షరాస్యతలో అట్టడుగున ఉన్నది మహబూబ్‌నగర్, 55 శాతం. ఆడవాళ్లలో 45 శాతం కూడా లేదు. 2016లో జిల్లాలు చీల్చాక అదే లెక్క ప్రకారం అందులోంచి వచ్చిన జోగులాంబ గద్వాల 50 శాతం లోపే ఉండి తెలంగాణలో చివరన నిలిచింది.

ఇక్కడ సైకిల్‌ను నేను ఆడపిల్ల చదువుతో కలిపి చూస్తున్నాను. అలా చూడటానికి ఆధారం ఉంది. 2006లో బిహార్ ప్రభుత్వం తొమ్మిదో తరగతిలో చేరిన బాలికలకు సైకిల్ కొనుక్కోవడానికి రెండు వేల రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టింది. కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు దాన్ని పరిశీలించి 2017లో ఫలితం ప్రచురించారు. ఉన్నత పాఠశాల వయసు బాలికల చేరిక 32 శాతం పెరిగింది, ఆడ మగ పిల్లల మధ్య ఉన్న తేడా 40 శాతం తగ్గింది. ఆ పెరుగుదల ఎక్కువగా కనిపించింది హైస్కూలు దూరంగా ఉన్న ఊళ్లలోనే. పిల్ల చదువుకోకపోవడానికి కారణం ఆసక్తి లేకపోవడం కాదు, దూరం అని ఇంతకంటే సూటిగా చెప్పే లెక్క ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో ‘బడికొస్తా’ పేరుతో ఉన్నత పాఠశాల బాలికలకు సైకిళ్లు ఇచ్చిన పథకం వెనకా ఇదే ఆలోచన.

కోడేరు మండలంలో ఎత్తం, పసుపుల, జనుంపల్లి, రాజాపూర్ లాంటి ఊళ్ల నుంచి మండల కేంద్రానికి రావడం పెద్దవాడికి బైకు మీద లెక్కలోది కాదు, పదమూడేళ్ల పిల్లకు కాలినడకన చాలా పెద్ద లెక్క. విద్యాహక్కు చట్టం కింద ప్రాథమిక బడి కిలోమీటరులో, ప్రాథమికోన్నత బడి మూడు కిలోమీటర్లలో ఉండాలి. ఉన్నత పాఠశాలకు ఐదు కిలోమీటర్లు ఫర్వాలేదని ప్రభుత్వాల లెక్క. ఐదు కిలోమీటర్లంటే నడకకు గంటకు పైన, సైకిల్‌కు పాతిక నిమిషాలు. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకంతో ఆడవాళ్లకు బస్సు ఉచితమైంది, అది పెద్ద మేలు, కాదనను. కానీ పల్లెవెలుగు వచ్చే వేళ డిపో వాళ్లు పెట్టింది, బడి గంటను చూసి పెట్టింది కాదు. ఒక ట్రిప్పు తప్పితే తర్వాతి బస్సు దాకా స్టేజీ దగ్గర చెట్టు కిందే కూర్చోవాలి. పిల్ల సాయంత్రం ఆలస్యంగా వస్తోందని ఇంట్లో మొదలయ్యే గొణుగుడు పెళ్లి మాటల దాకా పోవడం ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిందే.

ఒంటిపూట బడుల సంగతి ఇంకా విచిత్రం. మార్చి మధ్యలో ఎండలు ముదిరాయని బడిని పొద్దున ఎనిమిదింటికి పెట్టి పన్నెండున్నరకు వదులుతారు. పిల్లల్ని ఎండ నుంచి కాపాడే ఏర్పాటు అది. పక్క సందులో ఇల్లున్న పిల్లకు నిజంగానే మేలు. నాలుగైదు కిలోమీటర్లు వెళ్లాల్సిన పిల్లను మాత్రం సరిగ్గా మిట్టమధ్యాహ్నం రోడ్డెక్కిస్తుంది. అదే పిల్ల దగ్గర సైకిల్ ఉంటే గంటకు పైగా ఎండలో గడపాల్సింది పాతిక నిమిషాలకు తగ్గుతుంది. ఎండాకాలంలో సైకిల్ ఎందుకని అడిగేవాళ్లు ఈ లెక్క వేసి చూడాలి.

ఎదురు వాదనలు ఉన్నాయి, బలమైనవే. రెండు గడ్డిమోపులు, ఒక ఎరువు బస్తా, వెనక భార్య, అన్నీ మోసే టీవీఎస్ ఎక్సెల్‌ను వదిలి రైతు సైకిలెక్కాలని చెప్పడం హైదరాబాద్‌లో కూర్చున్నవాళ్లకే చెల్లుతుంది. సైకిలంటే లేనితనానికి గుర్తు అన్న భావమూ నిజమే. వలస కూలీకెళ్లి నాలుగు డబ్బులు వెనకేసిన పాలమూరు ఇంట్లో మొదట వచ్చేది బైకే. ఆ బైకు పదిహేనేళ్ల కొడుకు చేతికి పోతోంది, లైసెన్సు లేదు, హెల్మెట్ లేదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1.68 లక్షల మందిలో 44 శాతం ద్విచక్ర వాహనాల వాళ్లే. కల్వకుర్తి నుంచి నాగర్‌కర్నూల్, కొల్లాపూర్ మీదుగా సోమశిల దగ్గర కృష్ణ దాటి నంద్యాల వైపు పోయే 167కె జాతీయ రహదారి వస్తోంది. రోడ్డు వెడల్పయిన కొద్దీ బండ్ల వేగం పెరుగుతుంది. అంచున సైకిల్‌కు ఒక మీటరు చోటు కావాలని ఇప్పుడు అడగకపోతే రేపు అడిగి లాభం లేదు. కాబట్టి నా వాదన రైతు గురించి కాదు. బండి నడపడానికి చట్టం ఒప్పుకోని వయసు పిల్లల గురించి, బండి ఉన్నా తాళం చేతికి రాని ఆడవాళ్ల గురించి.

వాళ్ల కోసం మాఘంలో ఒక సైకిల్ ఆదివారం పెడితే అది ఎలా ఉండాలి? కొలంబియా రాజధాని బొగోటాలో 1974 నుంచి ఆదివారాల్లో పెద్ద రోడ్లు మోటారు బండ్లకు మూసి, సైకిళ్లకూ నడిచేవాళ్లకూ వదులుతారు. పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం రెండు దాకా. ఎనిమిది వేల అడుగుల పైన ఉన్న చల్లటి ఊరు, వాళ్లకు సాగుతుంది. మనకు ఆరున్నర నుంచి తొమ్మిది చాలు. రోడ్డూ అంత పొడవు అక్కర్లేదు. మండల కేంద్రంలో ఒక కిలోమీటరు, ఇద్దరు కానిస్టేబుళ్లు, రెండు బారికేడ్లు. ర్యాలీ వద్దు. ర్యాలీలో తొక్కడం వచ్చినవాళ్లే తొక్కుతారు. రానివాళ్లకు నేర్పే చోటు కావాలి. 2022లో ఊరూరా ‘తెలంగాణ క్రీడా ప్రాంగణం’ అని బోర్డులు పాతారు, చాలాచోట్ల బోర్డు చుట్టూ ముళ్లకంపే పెరిగింది. ఆ కంప కొట్టేస్తే సైకిల్ నేర్చుకోవడానికి అంతకంటే మంచి నేల దొరకదు. పడినా మట్టి మీదే పడతారు, చూసి నవ్వడానికి బజారు జనం ఉండరు. తల్లులు మొదట అలాంటి చోటే అడుగుతారు.

ఆ పూట మెకానిక్‌ను పిలిపించి రోజు కూలి కట్టివ్వాలి. ఇళ్లలో అటక మీద, పశువుల కొట్టంలో తుప్పు పట్టి పడున్న సైకిళ్లు ప్రతి ఊళ్లో ఉన్నాయి. బ్రేకు రబ్బర్లు, ఒక ట్యూబు, చైన్‌కు కాస్త నూనె, వాటిలో చాలావరకు లేచి తిరుగుతాయి. కొత్త సైకిళ్ల పంపిణీకి టెండరు, టెండరుకు ఏడాది, ఆపైన ఏ రంగు వేయాలన్న తగాదా ఉంటాయి. పాతవాటి మరమ్మతుకు పంచాయతీ తీర్మానం సరిపోతుంది. కొనాలనుకునే వాళ్లకు కూడా 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. ఒకప్పుడు ఇవే పంచాయతీలు సైకిల్‌కు పన్ను వేసి బిళ్ల కట్టేవి. ఇప్పుడు ఒక మెకానిక్ కూలి భరించి ఆ పాత బాకీ తీర్చుకోవచ్చు.

హైదరాబాద్ సైకిల్ క్లబ్బులకూ ఇక్కడ పని ఉంది. సింగోటం, జటప్రోలు, సోమశిల, కల్వకుర్తి ఎత్తిపోతల కాలువ కట్టలు, మాఘంలో ఇంతకంటే మంచి దారులు వాళ్లకు దొరకవు. రావచ్చు, రావాలి కూడా. అయితే హెల్మెట్లు పెట్టుకుని దూసుకుపోయి సోమశిలలో ఫొటో దిగి వెళ్లిపోవడం కాకుండా, ఒక పూట ఆగి గేరు లేని సైకిల్‌కు బ్రేకులు బిగించడం పిల్లలకు నేర్పితే ఆ రాకకు సార్థకత ఉంటుంది. పర్యాటక శాఖ కొల్లాపూర్ ఎమ్మెల్యే జూపల్లి కృష్ణారావు చేతిలోనే ఉంది కనుక ఈ దారులను కలిపే పని కష్టమేమీ కాదు.

ఇలాంటి ఆదివారం ఫలించిందో లేదో తెలుసుకోవడానికి ఎంతమంది వచ్చారన్న లెక్క పనికిరాదు. ఆ తర్వాతి సోమవారం జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఎన్ని సైకిళ్లు నిలబడ్డాయో, అందులో ఆడపిల్లలవి ఎన్నో ప్రధానోపాధ్యాయుడు రాసిపెట్టుకుంటే చాలు. కోడేరు, పెద్దకొత్తపల్లి, కొల్లాపూర్, పానగల్ మండలాల విద్యాధికారులు, సర్పంచులు వచ్చే శివరాత్రికి ముందు ఒక ఆదివారాన్ని ఇప్పుడే ఖరారు చేయాలి. జిల్లా కలెక్టర్లు జూన్ 3 ర్యాలీకి పెట్టే ఖర్చును ఆ ఆదివారానికి మళ్లించాలి.